ఏడో రైట్

ఫలక్‌నుమా,
ఆదివారం, ఆరాధన అయ్యాక

చిన్న తమ్ముడు ఇశ్రాయేలుకు,

అక్క ప్రార్థనలు. నువ్వు పంపిన కాగితం అందింది. "డానియేలు రైట్ అన్నాడు, ఇశ్రాయేలు రైట్‌కు తిప్పాడు" అని రాసి, పోలీసులకివ్వడానికి నా సంతకం అడిగావు.

నల్లమలలో, రెండు కొండల మధ్య ఇరుకు లోయలో, పట్టాలు పీకేసిన పాత రైలుకట్ట మీద నీ కొత్త జీపులో నన్నూ మీ అన్న డానియేలునూ తిప్పావు. కట్ట కోసుకుపోయిన చోటల్లా డానియేలు దిగి, ముందు నడిచి దారి చూపాడు. ఇరవై రెండేళ్లు సిటీబస్సు కండక్టరు. వాడి నోట రైట్ అంటే పోనియ్యమనే.

"కండక్టర్ సాబ్, టికెట్లు గిట్ల కొడ్తవా ఏంది?" అని నవ్వావు.

"ముందుగాల బండి సక్కగ నడుపురా. స్టీరింగ్ వట్టినోళ్లంత డ్రైవర్లయితరా?" అన్నాడు వాడు. నేను పకపకా నవ్వాను. నీ ముఖం మాడిపోయింది.

అప్పటికి ఆరుసార్లు వాడు "రైట్ రైట్" అన్నాడు. ఆరుసార్లూ నువ్వు తిన్నగానే పోనిచ్చావు. ఏడోసారి పాత వంతెన మీద, నీకు కుడివైపు అంచున నిలబడి అదే మాట అన్నాడు. నువ్వు బండి వాడి మీదికి తిప్పావు. చంపాలని కాదు. బెదిరి గెంతితే చూడాలని. నువ్వు నవ్వడం వెనక సీట్లో నాకు వినబడింది. వాడు గెంతాడు. కాలు మోపడానికి వెనక ఏమీ లేదు.

సమాధి దగ్గర డానియేలు పెళ్లాం వీణ నా చెయ్యి పట్టుకుంది. "వదినా, మీ పెద్ద తమ్ముడు రైట్ అంటే పోనియ్ అనే గద. ఇశ్రాయేలుకు తెల్వదా?"

"నాకేం వినవడలే వీణా" అన్నాను, చేతిలో బైబిలు పెట్టుకుని. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను. నీకు బేడీలు పడతాయని భయపడ్డాను. అప్పట్నుంచి వీణ, మొగుడి నోటి మాటే మొగుణ్ణి మింగిందని అందరికీ చెప్పుకుంటోంది.

ఇరవై రోజులు మోకాళ్ల మీదున్నాను. దేవుడు నీ సంగతి అడగలేదు. నా అబద్ధం అడిగాడు.

నిన్న వీణకు అంతా చెప్పాను. "నవ్విండా?" అని ఒక్కటే అడిగింది. అవునన్నాను. లోపలికి పోయి తలుపేసుకుంది.

నీ కాగితం చించేశాను. శుక్రవారం పదింటికి ఠాణాకు పోతున్నాను. నువ్వు వచ్చి నీ నోటితో చెప్పు, పక్కన నిలబడతాను. రాకపోతే నేనే చెబుతాను.

నీకు తల్లి తర్వాత తల్లి,
అక్క రాజమణి