ఆర్విల్ గోడకి ఐదు మేకులు

ఆగస్టు 4, ఆదివారం
ఇవాళ్టి నుంచి నోటికి తాళం, కాళ్లకి సంకెళ్లు! బాంజో తయారయ్యేదాకా ఆర్విల్ కొండ ఎక్కను. సలహా ఇవ్వను. వెస్టా అనే నేను ఒట్టేసి రాస్తున్నాను.

వసంతంలో వచ్చిన వరద నాన్న బాంజోని పట్టుకుపోయింది. అది లేక మా అన్నయ్య డోర్సీ పక్కన నా కుర్చీ ఖాళీగా ఉంది. డోర్సీది ఫిడేలు. కుడిచేతికి వణుకు మొదలైంది. అక్టోబరు మొదటి శనివారం పాత బడిలో జరిగే డాన్సే తనకి ఆఖరిదని చెప్పేశాడు. ఆ రోజు నేను పక్కన ఉండి తీరాలి. కొట్టులో దొరికేది కొనుక్కోమని ఊళ్లో ఉచిత సలహాలు. అది బాంజోనా? రేకు డబ్బా!

ఈ కొండల్లో చేత్తో బాంజో చేసేది ఆర్విల్ బాబాయ్ ఒక్కడే. పొగరు కూడా సొంతంగా చేసుకున్నదే. వరదకి పడిపోయిన మా వాల్‌నట్ చెట్టు చెక్క మోసుకెళ్తే కూర్చోమనలేదు. గోడకి ఐదు మేకులు చూపించాడు. తలుపు పక్కది తప్ప ఒక్కో మేకుకి ఒక్కొక్కరి చెక్క వేలాడుతోంది.

"తలుపు పక్క మేకుది ముందు చేస్తా. డోర్సీ మొహం చూసి నీది అక్కడ పెడుతున్నా. పిలవకుండా వచ్చావో, ఒక మేకు వెనక్కి. ఎన్నిసార్లు వస్తే అన్ని మేకులు."

"నేనెందుకొస్తాను బాబాయ్, నాకేం పని లేదా?"

"లేదనేగా చెప్తున్నా."

చూపిస్తాను. రెండు నెలలు గుమ్మం తొక్కకపోతే ఆయనే కుళ్లిపోతాడు!

ఆగస్టు 9
బ్రహ్మాండం! వెళ్లలేదు. ఆలోచించను కూడా లేదు (ఒక్కసారి, గిన్నెలు తోముతూ).

చిక్కుడు తోటని నాశనం చేస్తున్న గ్రౌండ్‌హాగ్, పిల్లంత ఉండే బొరియ జంతువు, బోనులో పడింది. బాంజో మీద డప్పులా బిగించడానికి దాని తోలే కావాలన్నాడు ఆర్విల్. మాంసం కూరకి, తోలు బొచ్చు ఊడటానికి బూడిద నీళ్లకి. వేసవంతా నా చిక్కుడు తిన్నావు, ఇక జన్మంతా నా చేతి దెబ్బలు తిను!

ఆగస్టు 15
తోలు పోస్టు మనిషితో పంపమన్నాడు. ఆ మనిషి సంగతి నాకు తెలీదా? వాసన భరించలేక ఏ వాగులోనో గిరాటేస్తాడు. నేనే వెళ్లాను. ఇది వెళ్లడం కిందికి రాదు, సరుకు చేరవెయ్యడం.

ఆర్విల్ తోలు తీసుకున్నాడు. వెలుగుకి పట్టి చూశాడు. బాగుందనడానికి నోరు రాలేదు. నా చెక్క తీసి రెండో మేకుకి తగిలించాడు.

ముసలి పీనుగ.

ఆగస్టు 21
రాత్రి నిద్రలేదు. నాన్న బాంజో పిడి ఎంత లావుండేదో ఆర్విల్‌కి ఎవరు చెప్తారు? అడగందే అమ్మైనా పెట్టదు. వెళ్లి చెప్పాను. వేళ్లతో కొలిచి మరీ చూపించాను.

"మీ నాన్న బాంజో ఎవరు చేశారమ్మా?"

"నువ్వే."

"మరి?"

మూడో మేకు. నాదేం తప్పు? జ్ఞాపకం చెయ్యడం సలహా ఎలా అవుతుంది?

సెప్టెంబరు 2, సెలవు
ఎండు ఆపిల్ ముద్ద పొరపొరకీ పూసి కేకు చేశాను. సెలవుపూట ముసలాయనకి ఇంత పెట్టిరావడం మర్యాద. బాంజో ఊసే ఎత్తలేదు! చెక్క వైపు చూశాను, అంతే. చూస్తే అరిగిపోతుందా?

రెండు ముక్కలు తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, నాలుగో మేకు.

తలుపు పక్క మేకుకి ఇప్పుడెవరిది ఉందనుకున్నారు? పట్నంలో ఎవరో పళ్ల డాక్టరుది. చెక్క పంపాక ఒక్కసారీ తొంగిచూడలేదట. పట్టించుకోనివాడికి ముందు, ప్రాణం పెట్టేదానికి వెనక. ఏం న్యాయం!

సెప్టెంబరు 14
లోపలికి వెళ్లలేదు. ట్రక్కు కింద ఆపి, నడుచుకుంటూ వెళ్లి కిటికీలోంచి చూశానంతే. కుక్క మొరిగింది.

"వెస్టా, దాక్కోవడం కూడా రాదేమే నీకు!" అని లోపల్నుంచే అరిచాడు. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఐదో మేకు. ఇక వెనక్కి పోడానికి గోడ లేదు.

సెప్టెంబరు 20
డోర్సీ వచ్చాడు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"డాన్సుకి లైల్‌ని పిలిచానే."

లైల్! మందుల షాపువాడు! కొట్టు బాంజో!

"రేకు డబ్బా పక్కన వాయిస్తావా అన్నయ్యా?"

"ఏం చెయ్యమంటావు? వద్దన్న చోటికి నాలుగుసార్లు వెళ్లింది నేనా? నువ్వు ఊరుకుని ఉంటే ఈపాటికి బాంజో నీ ఒళ్లో ఉండేది."

ఆర్విల్‌ని తిడదామని నోరు తెరిచాను. తిట్టకుండా డోర్సీ కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

అక్టోబరు 5, శనివారం
నా కుర్చీలో లైల్. ఆ వాయింపు వడగళ్ల వాన రేకుల మీద పడ్డట్టుంది. జనానికి అదే నచ్చింది, వెధవ జనం, ఎగిరెగిరి ఆడారు. నేను గోడ వారగా నిలబడ్డాను.

మూడో పాట మధ్యలో డోర్సీ చేతిలో కమాను జారింది. మళ్లీ పట్టుకున్నాడు. ఎడమవైపు తిరిగాడు. చెయ్యి తడబడితే ఎప్పుడూ అటే తిరుగుతాడు, నేను పాట మోస్తూ ఉంటే ఊపిరి తీసుకుని కలుస్తాడు. అక్కడ లైల్ కళ్లు మూసుకుని తన లోకంలో తనున్నాడు. డోర్సీ ఫిడేలు పెట్టెలో పెట్టేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆర్విల్ మీద కాదు, లైల్ మీద కాదు, నా మీద నాకే అసహ్యమేసింది.

బయట మెట్ల మీద డోర్సీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నాన్న నేర్పిన పాట నేను వాయించలేదే ఇవాళ. అది వాడితో వాయించేది కాదు. నీ బాంజో వచ్చాక మనింట్లో వాయిద్దాం."

"అప్పటిదాకా చెయ్యి నిలుస్తుందా?"

"ఏమో. నువ్వు కొండెక్కకుండా ఉంటే నిలుస్తుందేమో."

అక్టోబరు 6, ఆదివారం
ఇవాళ్టి నుంచి ఆర్విల్ కొండ ఎక్కను. ఒట్టు. చర్చి అయ్యాక ట్రక్కు తాళాలు డోర్సీకిచ్చాను. తీసుకున్నాడు. ఆ చేతిలో తాళాలు గలగలమంటూనే ఉన్నాయి.

"వాగు పక్కనుంచి అడ్డదారి ఉందిగా" అన్నాడు.

"ఉంటే?"

"బూట్లు కూడా ఇటియ్యి."

అక్కడే కూర్చుని విప్పి ఇచ్చేశాను.