రోజుకి నలభై నింజా వాక్యాలు

1వ తేదీ, ఉదయం 6.10
ఈరోజు నుంచి నేను కొత్త మనిషిని.
పని: చిన్నప్పుడు ఆడిన నింజా వీడియో గేమ్‌కి తెలుగు ప్యాచ్. అంటే ఆటలో జపనీస్ మాటలు తీసేసి మన మాటలు పెట్టడం. ఎవరో పుణ్యాత్ముడు ఇంగ్లీషు ప్యాచ్ ఎప్పుడో చేసిపెట్టాడు. పాత ఆటల పిచ్చివాళ్ళ మా ఆన్‌లైన్ గ్రూపులో అందరం ఫాంటు బాబాయ్ అనే ఆయన తెలుగు అక్షరాలు కూడా ఆటలో పట్టేలా గీసిచ్చాడు. మిగిలింది ఆ ఇంగ్లీషు చూసి తెలుగులో రాయడమే.
మొత్తం వాక్యాలు 400. గడువు పదో తేదీ, అక్క యాభయ్యో పుట్టినరోజు. రోజుకి నలభై. ఎంతసేపు?
వరసగా చేస్తా. ముగింపు ముందే చూడను. చివర్లో ముసలి గురువు నిజంగా ఏమంటాడో అక్కతో కలిసే తెలుసుకోవాలి.

సాయంత్రం 6.30
అక్కకి ఫోన్ చేసి మాటిచ్చేశా. "ఆ కథేంటో తెలీకుండానే ముసలిదాన్నయిపోతాననుకున్నాన్రా" అంది.
అప్పట్లో ఒకటే కంట్రోలర్. నేను ఆడేవాణ్ణి, అక్క పక్కన కూర్చుని "దూకు, దూకు" అనేది. ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోనివ్వలేదు. తలుచుకుంటే సిగ్గేస్తోంది.
వాక్యాలు: 0. మొదటి రోజు లెక్కలోకి రాదు.

2వ తేదీ
ప్యాచ్‌తో పాటు ఇచ్చే కృతజ్ఞతల పేజీ రాశా. రెండున్నర పేజీలు వచ్చింది. అచ్చుతప్పు ఒక్కటి లేదు. పాఠ్యపుస్తకాల ప్రెస్సులో పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న చెయ్యి మరి.
వెర్షన్ నంబరు కూడా ఖాయం చేశా: 1.0.
వాక్యాలు: 2. ("మొదలుపెట్టు", "ఆపు".)

4వ తేదీ
చిక్కొచ్చింది. నింజా రాక్షసుణ్ణి "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? రాక్షసుడు వయసులో పెద్ద. ఎనిమిది వందల ఏళ్ళు.
మా ఆవిడ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, "చంపబోయేవాడికి మర్యాదేంటండీ" అంది.
"అంత తేలిగ్గా తేలేది కాదు."
"అయితే అడగడం ఎందుకు?"
వాక్యాలు: 2. అవే.

5వ తేదీ
గ్రూపులో రోజంతా చర్చ. మూలంలో లేని మాట ఒక్కటి చేర్చినా అది ద్రోహమని పద్దెనిమిది మెసేజ్‌లు పెట్టా. ఫాంటు బాబాయ్ "ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు. మనుషులకి సిద్ధాంతం పట్టదు.

7వ తేదీ
ఆఫీసులో రాద్దామని వాక్యాలు ప్రింటు తీసుకెళ్ళా. అవి మూడో తరగతి సైన్సు ప్రూఫుల్లో కలిసిపోయి, ఒక వాక్యం పొరపాటున ప్రూఫు మీదే రాసేశా. మేనేజరుగారు పిలిచి పేజీ చూపించారు. పైన "మొక్కలకు ఎండ అవసరం". కింద "నీ తల తెంచి నా గురువు పాదాల దగ్గర పెడతా", నా చేతిరాతలో.
"ఇది ఏ పాఠం?" అన్నారు.
వారం పాటు నాకు లెక్కల ఎక్కాలు మాత్రమే ఇస్తారట.
వాక్యాలు: 3. ఆ తల వాక్యం బాగా కుదిరింది.

8వ తేదీ
జలుబు. ఫాంటు చూస్తే కళ్ళలో నీళ్ళు.

9వ తేదీ, మధ్యాహ్నం 3.00
ఇంకా 397. నా వల్ల కాదు. అక్కకి ఏ మొహంతో చెప్పను?
కనీసం ఆఖరి మాటైనా చేద్దామని ముగింపు తెరిచా. ముసలి గురువు అంటున్నది ఇది: "బాగా ఆడారు. ఇప్పుడు కష్టమైన స్థాయిలో మళ్ళీ ఆడండి."
అంతే.
నాకప్పుడు ఎనిమిదేళ్ళు. "ఏమంటున్నాడక్కా?" అని అడిగితే, జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా కళ్ళార్పకుండా చదివింది: "నువ్వొక్కడివే గెలవలేదు నాయనా. పక్కన కూర్చున్నవాళ్ళకి నీ బిస్కెట్లలో సగం ఇవ్వు." నేను ఇచ్చేశా కూడా. దొంగమొహంది.
నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. రెండు గంటలు ఆలోచించి ఒక్క వాక్యం రాశా. పద్దెనిమిది మెసేజ్‌లూ గ్రూపులోంచి తీసేశా.

10వ తేదీ, ఉదయం 11.00
అక్క చేతికి కంట్రోలర్ ఇచ్చా. పక్కన కూర్చుని "దూకు, దూకు" అన్నా. మొదటి గోతిలోనే తొమ్మిదిసార్లు పడింది. ఇలా అయితే మళ్ళీ పుట్టినరోజు వస్తుందని, ముందే సేవ్ చేసి ఉంచిన ఆటలో ముగింపు దగ్గరికి తీసుకెళ్ళా.
ముసలి గురువు వచ్చాడు. తెలుగులో మాట్లాడాడు. నువ్వొక్కడివే గెలవలేదు నాయనా, అని మొదలుపెట్టి మొత్తం, ఉన్నదున్నట్టు.
అక్క రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"అయితే నేను అప్పుడు సరిగ్గానే చదివానన్నమాట."
"అక్షరం పొల్లుపోలేదక్కా."
కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత చెయ్యి చాపింది. "మరి బిస్కెట్లేవిరా?"
పొట్లం విప్పి సగం ఇచ్చా. తింటూ అడిగింది, "అవునూ, మిగతావాళ్ళంతా ఇంకా జపనీసే మాట్లాడుతున్నారేం?"

11వ తేదీ, ఉదయం 6.10
ఈరోజు నుంచి నేను కొత్త మనిషిని. మిగిలినవి 396. అక్క యాభై ఒకటో పుట్టినరోజు గడువు. అంటే రోజుకి ఒకటి, పైన కొంచెం.
ముందు వెర్షన్ నంబరు మార్చాలి. 2.0 బాగుంటుంది.