మహోదధి నౌక చరిత్రలో నవంబరు పేజీ

3 ఆగస్టు 2025, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్లో మూడు మిస్డ్ కాల్స్. విశాఖ నుంచి కమాండర్ పృథ్వీరాజ్ గారు. రిటైరై పదేళ్లయినా గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. డిసెంబరులో మా ఓడవాళ్లందరం కలుస్తామట. ఐఎన్ఎస్ మహోదధి సర్వీసు చరిత్ర పుస్తకంగా వేస్తారట. శ్రీలంకకు బలగాలను మోసిన రోజుల భాగం నన్ను రాయమన్నారు. నీకైతే డేట్లతో సహా గుర్తుంటాయి ప్రకాష్ అన్నారు.

గుర్తుంటాయి. నా బాధ అదే.

5 ఆగస్టు

రాయడం మొదలుపెట్టాను. తేలిగ్గానే వస్తోంది. మహోదధికి ముందు భాగం నోరులా తెరుచుకునేది. అందులోంచి ర్యాంప్ దిగేది. ఆ ర్యాంప్ మీదుగా లారీలు, జీపులు, జవాన్లు ఒడ్డెక్కేవారు. 1987 ఆగస్టులో మద్రాసు నుంచి మొదటి ట్రిప్పు. మొత్తం నలభై ఒక్క ట్రిప్పులు. సముద్రం ఎప్పుడూ చూడని రాజస్థాన్ కుర్రాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు వాంతులు చేసుకునేవారు. వెళ్లేటప్పుడు పాటలు. వచ్చేటప్పుడు పాటలు ఉండేవి కావు. స్ట్రెచర్లు ఉండేవి.

ఇదంతా రాస్తుంటే పెన్ను ఎక్కడా ఆగలేదు.

9 ఆగస్టు

1990 మార్చిలో ఆఖరి జవాన్లను వెనక్కి తెచ్చేదాకా రాసేశాను. 1987 నవంబరు ఒక్కటే వదిలేశాను.

10 ఆగస్టు

కమాండర్ గారికి పంపితే వెంటనే ఫోన్. నవంబరు ఏదీ అన్నారు. ఇంకా రాయలేదు సార్ అన్నాను. చినబాబు సంగతి కదా, దానికంత ఆలోచన దేనికి, విధి నిర్వహణలో ప్రమాదం అని రెండు లైన్లు రాసెయ్ అన్నారు.

చినబాబుది పాతపట్నం దగ్గర పల్లె. నాది శ్రీకాకుళం. ఓడంతటిలో మా జిల్లా వాళ్లం ఇద్దరమే. వాళ్లది వ్యవసాయం, మాది బాప్టిస్టు మిషన్ కుటుంబం. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి రోజే ‘ఏటి బావా, సూడక సూడక మనోడు దొరికాడు’ అన్నాడు. అప్పట్నుంచీ బావే.

24 ఆగస్టు, ఉదయం 5.30

మా ఆవిడ స్వర్ణ ఇంకా లేవలేదు. ఇప్పుడైనా రాయాలి. ఎక్కడా రాయని మాట.

1987 నవంబరు 19. తెల్లవారుతోంది. శ్రీలంక ఒడ్డున కంకేశంతురై రేవు కనిపిస్తోంది. వెనక మూడు వందల మంది జవాన్లు దిగడానికి రెడీ. ర్యాంప్ సగం దిగి ఆగిపోయింది. గొలుసు ఇరుక్కుంది. ఎవరో ఒకరు కిందికి దూరి తప్పించాలి. దూరే ముందు పక్కన ఇనుప పిన్ దూర్చాలి. పిన్ ఉంటే, గొలుసు చుట్టే విన్చ్ జారినా ర్యాంప్ పడదు. విన్చ్ లివరు దగ్గర ధనరాజ్, విజయనగరం వాడు, అప్పుడే కొత్తగా చేరాడు. పిన్ నా పని.

ముందు రోజంతా సముద్రం అల్లకల్లోలంగా ఉంది. నాకు కడుపులో ఏమీ నిలవలేదు. గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను. ‘బావా, పిన్నేసావా?’ అని చినబాబు కేకేశాడు.

వేశాను అన్నాను.

వెయ్యలేదు. లేచి వేద్దాంలే అనుకున్నాను. అంతే. అంతకన్నా కారణం లేదు.

వాడు దూరాడు. గొలుసు తప్పింది. ర్యాంప్ పడింది.

తర్వాత విచారణలో నన్ను ఒకే ప్రశ్న అడిగారు. పిన్ గురించి అతను నిన్ను అడిగాడా అని. అడగలేదు సార్, తనంతట తనే దూరాడు అన్నాను. ఇరవై మూడేళ్లు నాకు. కాగితంలో ‘స్వయంగా చేసిన నిర్లక్ష్యం’ అని రాశారు. ఇంటికీ అదే ఉత్తరం వెళ్లింది.

ఆ పొద్దున నీళ్లు కొట్టి కడిగి, అదే ర్యాంప్ మీద మూడు వందల మందిని దించాం. వాళ్లెవరికీ చెప్పలేదు.

2 సెప్టెంబరు

స్వర్ణకి చెప్పాను. ముప్పై నాలుగేళ్ల కాపురంలో మొదటిసారి. చిక్కుళ్లు ఒలుస్తోంది. ఆపలేదు. అంతా విన్నాక, ఆలింటోలకి తెలీదా అంది. తెలీదన్నాను. ‘మరి నాకు సెప్తే ఏటి? ఆలకి సెప్పండి’ అంది. గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఓదారుస్తుందనుకున్నాను. సిగ్గేసింది.

14 సెప్టెంబరు, ఆదివారం

వెళ్లాను. చర్చి మానేసి పాతపట్నం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. తల్లీ తండ్రీ పోయారు. చెల్లెలు ఈశ్వరి ఉంది. అంగన్‌వాడీలో టీచరు. చినబాబు పోయినప్పుడు ఆమెకి పదిహేడేళ్లు.

మీ అన్నయ్యతో ఓడలో పనిచేసినవాణ్ని అనగానే ముఖం వెలిగిపోయింది. కుర్చీ తుడిచి వేసింది. ‘ఇన్నేళ్లకి ఒక్కలైనా వొచ్చినారు అన్నయ్యా’ అంది. టీ పెట్టబోయింది. వద్దమ్మా, ముందు విను అన్నాను.

నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పడం సరికాదనిపించింది.

 తర్వాత ఆమె అడిగినవి వరసగా రాస్తున్నాను, మర్చిపోకూడదని. ‘అరిసాడా?’ అని అడిగింది. లేదమ్మా, అంత టైం లేదు అన్నాను. ‘నిన్ను నమ్మే దూరాడు కదా?’ అని అడిగింది. అవునన్నాను.

అప్పుడు వాళ్ల నాన్న గురించి చెప్పింది. ఆ ఇంగ్లీషు ఉత్తరం పోస్టుమాస్టరు చదివి చెప్పాడట. నా కొడుకు నాగలి కట్టినా రెండుసార్లు సూసుకునేవోడు, ఆడు అజాగ్రత్త ఏటి అన్నాడట నాన్న. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కొడుకు ఫోటో గోడకి తగిలించనివ్వలేదు. పోయేదాకా, పదకొండేళ్లు. ‘మా నానుండగా వొచ్చి సెప్పుంటే’ అని అక్కడ ఆగిపోయింది.

క్షమించమని అడగాలని దారంతా అనుకున్నాను. అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే.

ఆ పుస్తకంలో రాస్తానన్నాను. ‘రాయి. మావోడి పేరు పూర్తిగా రాయి. నీ పేరూ రాయి’ అంది. అన్నయ్యా అనలేదు. గుమ్మం దాటుతుంటే, మళ్లీ రాకు అంది.

16 సెప్టెంబరు

నవంబరు పేజీ పంపాను. కమాండర్ గారు గంట తర్వాత ఫోన్ చేశారు. అప్పుడాయన సబ్ లెఫ్టినెంట్, ఆ పొద్దున ఆ డెక్కు మీదే ఉన్నారు. ఇది చరిత్ర కాదు ప్రకాష్, కన్ఫెషన్, మీ పాస్టర్‌కి చెప్పుకో అన్నారు. పుస్తకం ఫ్యామిలీలు చదువుతాయి, నీ మనవలు చదువుతారు అన్నారు. చినబాబు వాళ్లదీ ఫ్యామిలీయే సార్ అన్నాను. ఆ పేజీ తీసేస్తే నేను రాసిన మిగతావీ తీసెయ్యమన్నాను. ఆయన మాట మీద నేను మాట చెప్పడం ఇదే మొదలు.

పాత విచారణ కాగితం దిద్దమని నేవీకి అర్జీ కూడా పోస్టు చేశాను. జవాబొస్తుందో రాదో.

21 సెప్టెంబరు

కమాండర్ గారి వాట్సాప్: పేజీ ఉంటుంది. డిసెంబరులో అందరి ముందూ నువ్వే చదవాలి.

7 డిసెంబరు, ఆదివారం, విశాఖ

చదివాను.

హాల్లో యాభై మందిమి ఉంటాం. అందరి జుట్టూ తెల్లబడింది. ‘పిన్ వేశానని నేను చెప్పాను, వెయ్యలేదు’ అన్న లైను దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. మళ్లీ అందుకున్నాను. అయ్యాక చప్పట్లు లేవు. కొందరు తలలు దించుకున్నారు. ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

వెనక వరసలోంచి ధనరాజ్ వచ్చాడు. కర్ర పట్టుకుని, మెల్లగా. ఎడం చేత్తో నా కాలరు పట్టుకున్నాడు. ‘ఒరే ప్రకాషూ, నా సెయ్యే జారిందనుకున్నాన్రా. ముప్పై ఎనిమిదేళ్లు. నిద్దట్లో కూడా ఆ లివరే నొక్కుతన్నాన్రా’ అన్నాడు.

ఈ మనిషి గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చినబాబు గురించి ఆలోచించాను, నా గురించి ఆలోచించాను. విన్చ్ దగ్గర చెయ్యి ఉన్నది ఎవరిదని ఒక్క పూట అనుకోలేదు.

కొడతాడనుకున్నాను. కొట్టాల్సింది. కాలరు వదల్లేదు, అలాగే పట్టుకుని ఏడ్చాడు. కమాండర్ గారు వచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టారు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

రెండు పుస్తకాలు ఈశ్వరికి రిజిస్టర్ పోస్టులో పంపాను. లోపల ఉత్తరం పెట్టలేదు.

19 డిసెంబరు

పొద్దున్నే తెలియని నంబరు. ఈశ్వరి. పుస్తకం అందిందనిగానీ, చదివాననిగానీ అనలేదు. ‘మావోడు ఓడలో సేపలు తినేవోడా?’ అని అడిగింది. ఇంట్లో ఆ వాసనకే లేచి బయటికి వెళ్లిపోయేవాడట. మూడో నెల నుంచి తినేవాడమ్మా, నా పళ్లెంలోవి కూడా తీసుకునేవాడు అన్నాను. నవ్వింది. చాలాసేపు నవ్వింది. ఫోన్ పెట్టేసింది.