అప్పలస్వామి మీసం

అరకు, 1927. మాఘమాసం, సంత రోజు.

నా నోరు పడిపోను. మా అరుగు మీద మజ్జిగ తాగుతూ నాటకం కంపెనీ యజమాని, "కాలేజీలో సదూకున్న గుంటవి, నువ్వు సెప్పమ్మా. ఆడేసం ఎవులు కట్టాల?" అన్నాడు. మద్రాసులో చర్చల్లో నెగ్గిన మాటే తడుముకోకుండా చెప్పాను. "ఆడవాళ్లే కట్టాలి."

అమ్మ చీర కోసం వచ్చిన అప్పలస్వామి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముప్ఫయ్యేళ్లుగా ఆ కంపెనీ నాటకాల్లో రాణి వేషం అతనిదే. ఏటా మా ఇంటి చీరే కట్టుకుంటాడు. నాకు కుచ్చిళ్లు పెట్టుకోవడం నేర్పింది కూడా అతనే.

"ఇన్నావురా అప్పలసామీ? ఇజీనారం నుంచి గుంట దిగింది. ఈయేల రాణి అదే" అని యజమాని నవ్వాడు. ముందే నిర్ణయించుకుని, నా చేత అనిపించాడన్నమాట.

సాయంత్రం క్షమించమని అడుగుదామని తెర వెనక్కి వెళ్లాను. ఆ కొత్త పిల్ల కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూచుని అతను కుచ్చిళ్లు సర్దుతున్నాడు. చీర మా అమ్మదే.

నేను నోరు తెరవకముందే, "నువ్వు సెప్పింది నిజమేనమ్మా. రేపట్నుంచి మీసం పెంచుతాను" అన్నాడు. గొరిగిన పై పెదవిని వేలితో తడుముకున్నాడు. "నల్లగానే వొత్తాదంటావా?"

పొద్దున గొరిగిన చోట అప్పుడే తెల్లటి మొలకలు కనబడుతున్నాయి.

వస్తుందన్నాను.