పాపకు పట్టిన చక్కెర

శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. అందరం బాగున్నామని రాయబోతే ఈసారి చెయ్యి కాస్త తడబడింది. అయినా బాగున్నాం. అత్తయ్య మోకాళ్ళ గురించి అడిగారు. నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. "నా కోడలు సూక్ష్మక్రిముల చేత వంట చేయిస్తుంది" అని ఇరుగుపొరుగుకు చాటింపు వేస్తున్నారు.

ఆ వంట ఏమిటని మీరూ అడిగారు కదా. మా ల్యాబులో బాక్టీరియా నుంచి తీసిన ఎంజైమును పాలచక్కెరలో కలుపుతాం. అది చక్కెరను విడగొట్టి, చిన్న చిన్న గొలుసులుగా మళ్ళీ అతుకుతుంది. ఆ గొలుసులు మనకు అరగవు. పేగుల్లోని మంచి బాక్టీరియాకు మేతవుతాయి. నెలలు నిండని పసివాళ్ళ కోసం ఆసుపత్రివాళ్ళు మా దగ్గరే తీసుకుంటున్నారు.

ఇక దాచలేను. మన పాప పుట్టేసిందండీ, నెలలు నిండకుండానే. నడిసముద్రంలో ఉన్న మనిషికి చెప్పి కంగారు పెట్టడమెందుకని పోయిన ఉత్తరంలో రాయలేదు. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత ఉంది. గాజుపెట్టెలో ఉంచి, ఊపిరికి ముక్కులో గొట్టం పెట్టారు.

డాక్టరమ్మ పాలలో ఆ చక్కెర కలుపుదామన్నారు. కాన్పుకు ముందు నేను చివరగా తయారుచేసినదే. నిబ్బరంగా సరేనన్నాను. మర్నాటికి పాప పొట్ట ఉబ్బి, చర్మం మెరుస్తూ బిగుసుకుపోయింది. పాలు ఆపేశారు. సరిగా వడకట్టానా? బాక్టీరియా తునక ఏదైనా మిగిలిపోయిందా? పచ్చి బాలింతనని కూడా చూసుకోకుండా ల్యాబుకు పరిగెత్తాను. అక్కడ దాచి ఉంచిన నమూనా తీసే తొందరలో ఒక గాజుగొట్టం జారి పగిలింది. నాతో పనిచేసే ఆవిడ నన్ను కూర్చోబెట్టి, ఇంకో గొట్టంలోని నమూనాను తనే పరీక్షించింది.

"ఏ దోషమూ లేదే. కావాలంటే నువ్వే చూసుకో."

చూశాను. కళ్ళు నమ్మాయి, కడుపు నమ్మలేదు.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ ఎక్స్‌రే పట్టుకుని ఉన్నారు. "ఊపిరికి పెట్టిన గొట్టం గాలే పొట్టలోకి పోయిందమ్మా. ఇప్పుడు తగ్గింది. చక్కెర కలిపిన పాలు మళ్ళీ మొదలుపెట్టమంటావా?"

నేను గాజుపెట్టె దగ్గరికి వెళ్ళి పాప పొట్ట చూశాను. అక్కడే ఉన్న అత్తయ్య నా వైపు తిరిగారు.

"పక్క పెట్టెలో పిల్లాడికీ నీ చక్కెరే పడుతున్నారటగా. వాడికి ఆపమంటావా?"

"అనను."

"మరి మన పిల్లకి?"

"ఇవ్వండి" అన్నాను. చూసే ధైర్యం లేక బయట గోడకానుకుని నిలబడ్డాను. ఎంతసేపటికో నర్సు తలుపు తీసి, "రామ్మా, పొట్ట మెత్తగానే ఉంది. ఆకలంటూ ఏడుస్తోంది" అంది.

భయం పోలేదండీ. పెట్టె పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ చిన్ని పొట్ట పైకి లేచిన ప్రతిసారీ, అది కిందికి దిగేదాకా నా ఊపిరి ఆగిపోతోంది. ఓడ దిగగానే ఇంటికి కాదు, ఇక్కడికే రండి.

ఇట్లు,
మీ ఇంటావిడ,
మీ పాపకు అమ్మ