కాటా ఎక్కని ఎనిమిది పెట్టెలు

పర్వత విమాన ప్రమాదాల విచారణ సంఘం అధ్యక్షులు
శ్రీ గోవింద్ కేసరి లోహనీ గారికి, కాఠ్మాండూ.

అయ్యా,

విషయం: ధుంబ్రా విమాన ప్రమాద నివేదికలోని పద్నాలుగో పేరాను రద్దు చేసి, అసలు దోషుల పేర్లు చేర్చుట గురించి.

మృతురాలైన పైలట్ నిర్జలా తులాచన్‌ చెల్లెలిని, న్యాయశాస్త్ర విద్యార్థినిని అయిన నేను మనవి చేయునది:

1. "పైలట్ బరువు అంచనాలో పొరబడి, గాలి లేచిన వేళ సాహసించినది" అని తమరు వ్రాసితిరి. తొమ్మిదివేల అడుగుల ఎత్తున, ఆ పలుచని గాలిలో, ఉదయం పది దాటి గాలి లేచాక చిన్న విమానం ఎగరరాదని మా గొర్రెల కాపరులకు సైతం తెలియును. అక్క ఎనిమిదింటికే సిద్ధముగా కూర్చున్నది.

2. ఆపినది తమరు. ముందురోజు తనిఖీకి వచ్చి, మా ఊరివాళ్లు ఇస్తామన్న ఆపిల్ కానుకకు ఒప్పుకొని వెళ్లిన తమరు ఆ ఉదయం ఫోన్‌లో విమాన మైదానం అధికారి లక్పా గారితో అన్న మాటలు ఆయన పక్కనే నిలబడి విన్నాను.
"నా ఆపిల్ పెట్టెలు ఎక్కకుండా విమానం కదిలిందో, నీ కుర్చీ కదుల్తుంది!"
"గాలి లేస్తోంది సార్."
"లేవనీవయ్యా. నీకెందుకంత కంగారు?"

3. పెట్టెలు వచ్చేసరికి పదీ నలభై. ప్రయాణికుల్లో పురిటి నొప్పులు పడుతున్న స్త్రీ ఉన్నందున అక్క ఎగరక తప్పలేదు. కానుకను తూచుట మావాళ్లలో అవమానము. కాబట్టి ఎనిమిది పెట్టెలనూ కాటా పక్కనుంచే మోసుకెళ్లితిని.
"ఏయ్, తూయించావా?" అని అక్క అడిగింది.
"పెద్దాయన కానుకని తూస్తారటే? ఒక్కోటి పది కిలోలుంటాయిలే, పోవే."
"గాలికి మర్యాదలు తెలీవే పిచ్చిదానా," అని నవ్వి, నా మాట నమ్మి, పది చొప్పున వ్రాసుకున్నది. ఆమె లెక్కలో తప్పు లేదు. ఆమెకు అందిన అంకె తప్పు.

4. ఐదుగురు మరణించిన కేసులో, ఆ పెట్టెల యజమానియే న్యాయమూర్తిగా కూర్చొనుట ఏ చట్టమునకు సమ్మతము?

కావున పద్నాలుగో పేరా నుండి మా అక్క పేరు కొట్టివేసి, అచ్చట తమ పేరు వ్రాయవలెను. దాని క్రింద నా పేరు వ్రాయవలెను. నాకు క్షమ అక్కరలేదు. తమకు దక్కనివ్వను.

చిత్తగించవలెను. చిత్తగించకున్నను, బహిరంగ విచారణనాడు వినక తప్పదు.

ఆనాడు తమకు విధేయురాలై పెట్టెలు మోసిన,
ఉర్జా తులాచన్

తా.క. తొమ్మిదో పెట్టె విమానంలో పట్టక మిగిలిపోయింది. నిన్న లక్పా గారి కాటా మీదే పెట్టి తూచాను. పండ్లన్నీ కుళ్లి కారిపోయాక కూడా ఇరవై ఒక్క కిలోలు. విచారణకు మోసుకొస్తున్నాను. మూత మీద నా చేత్తో రాసిన మీ పేరు ఇంకా చెరగలేదు సార్.