సంసోను పచ్చిగుడ్లు

నెల్లిమర్ల, 20 అక్టోబరు 2016

మేనకోడలు రూబీకి మావ జీవరత్నం దీవించి, గుట్టుగా రాసేది:

ఫోన్ చేస్తే మీ అత్త కాంతం వింటాదని కాగితం పట్టాను. నా జుట్టు రాలిపోతన్నాదే! దువ్వెన ఎడితే సాలు, పిడికెడు సేతికొస్తంది. మన చర్చి క్రిస్మస్ నాటకంలో పదకొండేళ్లుగా సంసోను నేనే గదా. బలమంతా జుట్టులో ఉన్నోడికి బట్టతలేటే? నాటకం కమిటీవోళ్లు అప్పుడే ఒత్తు జుట్టున్న బెన్హర్ తలకేసి సూస్తన్నారు. ఆడు సంసోనైతే, సంసోనుని ఒళ్లో నిద్దరపుచ్చి జుట్టు కత్తిరించేసే దెలీలా ఆడి పెళ్లాం బేబీ అవుతాది. మీ అత్త దెలీలా అయ్యి, నేనామె ఒళ్లో తలెట్టుకునేది ఏడాదికి ఆ ఒక్కరోజేనే. అదీ పోతాది. నువ్వు విజీనారం ఆసుపత్రిలో డైటీషియన్‌వి గదా, ఏటి తినాలో సెప్పు.

నీ మావ

తా.క. మీ అత్తకి సెప్పావో, నువ్వు నాకు మేనకోడలివే కాదు.

విజయనగరం, 27 అక్టోబరు

మావయ్యకి రూబీ వందనాలు.

తిన్న తిండిని ఒంటికి శక్తిగా మార్చడానికి బయోటిన్ అనే విటమిన్ కావాలి. అది తగ్గితే జుట్టు రాలుతుంది. కానీ మామూలుగా తినేవాళ్లకి తగ్గడం చాలా అరుదు. వయసు వల్లో, థైరాయిడ్ వల్లో కూడా రాలొచ్చు, డాక్టర్‌కి చూపించుకో. ఈలోగా గుడ్లు, కార్జం, వేరుశెనగ గుళ్లు, చిలగడదుంపలు తిను. మాత్రలు మాత్రం సొంతంగా కొనకు, అవి రక్తపరీక్షల్ని తప్పుదారి పట్టిస్తాయి.

నీ రూబీ

తా.క. ఇక్కడ అందరూ షుగరు గురించే అడుగుతారు. సంసోను గురించి అడిగింది నువ్వొక్కడివే.

నెల్లిమర్ల, 18 నవంబరు

బంగారు తల్లి రూబీకి మావ ఆశీస్సులు.

గుడ్లు నాకు కొత్తేటే? కండ పెరగాలని ఈస్టరు కాడ నుంచీ రోజుకారు పచ్చిగుడ్లు తాగుతన్నాను. పచ్చసొన కొవ్వని, కసరత్తు నేర్పే తాలింఖానా గురువు పోతురాజు తీసెయ్యమన్నాడు, అందుకని తెల్లదే తాగుతాను. నీ ఉత్తరం సూసి పన్నెండు సేశాను. ఏటో మరి, జుట్టుతో పాటు ఇప్పుడు గోళ్లూ ఇరుగుతన్నాయి. మూతి సుట్టూ ఎర్రగా పేలింది. బయోటిన్ ఎక్కువైపోయిందేటే?

నీ మావ

తా.క. సొనలన్నీ మన కుక్కకి పోస్తన్నాను. దాని బొచ్చు నిగనిగలాడిపోతంది. ఏటెడతన్నావని బెన్హర్ ఆరా తీశాడు.

విజయనగరం, 24 నవంబరు

మావయ్యా, దండం పెడతాను, ఆపు!

ఏం తింటున్నావో ముందే అడగకపోవడం నా తప్పు. బయోటిన్ ఉన్నది పచ్చసొనలో. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అని ఒకటుంటుంది. అది బయోటిన్‌ని గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. ఉడకబెడితే దాని పట్టు పోతుంది. ఇలా జుట్టు రాలడం పుస్తకంలో చదివానే గానీ, మనింట్లో చూస్తాననుకోలేదు! డాక్టర్‌కి తప్పకుండా ఈ ఉత్తరం చూపించు. జుట్టు తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది మావయ్యా. క్రిస్మస్‌కి రాదు. ఏమనుకోకు.

నీ రూబీ

తా.క. పోనీ, సంసోను వేషం ఆ కుక్కకిమ్మను.

నెల్లిమర్ల, 26 డిసెంబరు

మా రూబీకి కాంతం అత్త ముద్దులు.

నీ ఆఖరి ఉత్తరం పోస్టుమేను నా సేతికిచ్చాడు. రాలిందంతా ఊడ్సేది నేనే గదే, నాకు తెలీదేటి? డాక్టరుకి సూపిస్తే నువ్వు రాసిందే అన్నాడు. ఇప్పుడు గుడ్లు ఉడకబెట్టి సొనతో పాటు ఎడతన్నాను. కుక్క అలిగింది.

ఇంక నాటకం సంగతి. కమిటీలో ఫిన్నీ మేస్టారు కాడికి ఎళ్లి, "జుట్టు కత్తిరించేసిన కాడ నుంచే తెర ఎత్తండి. ఇంత బాగా కత్తిరించిన తల మీకు ఏ ఊళ్లో దొరకదు" అన్నాను. ఆయన నవ్వలేక సచ్చి, సరే అన్నాడు. తెర లేసేసరికి నా సేతిలో కత్తెర, ఒళ్లో మీ మావ బట్టతల. జనం ఒకటే సప్పట్లు! కానీ ఇన్నాళ్ల దిగులు తీరిందేమో, ఆయన నిజంగానే నిద్దరోయాడే. గురక! సంసోనుని పట్టుకోడానికొచ్చిన ఫిలిష్తీయులు మూడుసార్లు అరిసినా లెగలేదు.

నీ అత్త

తా.క. లేపవేటని అందరూ నన్ను తిట్టారు. పదకొండేళ్లుగా నేనూ ఆ ఒక్కరోజు కోసమే సూస్తన్నానని ఆళ్లకేటి తెలుసు?